ఆల్‌దో ఉన్నచోట బట్ వద్దు, స్టిల్ ఉండొచ్చు

"ఆల్‌దో హి వాజ్ టయర్డ్, బట్ హి ఫినిష్డ్ ద వర్క్" తప్పయినప్పుడు, బట్ తీసేసి "హి స్టిల్ ఫినిష్డ్ ద వర్క్" అంటే ఎలా ఒప్పవుతుందని అడిగారు. మంచి ప్రశ్న. తేడా అర్థంలో లేదండీ, అవి చేసే పనిలో ఉంది.

ఆల్‌దో, బట్ రెండూ కంజంక్షన్లు, అంటే వాక్యంలోని ముక్కల్ని కలిపే మాటలు. కలపాల్సినవి రెండు ముక్కలే, కాబట్టి ఒక్క కంజంక్షన్ చాలు. ఆల్‌దో రాగానే మొదటి ముక్క రెండోదాని మీద ఆధారపడిపోతుంది. బట్‌కేమో అటూ ఇటూ సమాన హోదా ఉండాలి. ఇక్కడ అది లేదు.

స్టిల్, నెవర్‌దిలెస్ యాడ్‌వెర్బులు. ఇవి దేన్నీ కలపవు, ఉన్న వైరుధ్యాన్ని నొక్కి చెబుతాయంతే. అందుకే ఆల్‌దోతోనూ పొసుగుతాయి, బట్‌తోనూ పొసుగుతాయి: "హి వాజ్ టయర్డ్, బట్ హి స్టిల్ ఫినిష్డ్ ద వర్క్."

యెట్ దగ్గర కాస్త జాగ్రత్త. అది కంజంక్షన్‌గానూ, యాడ్‌వెర్బుగానూ పనిచేస్తుంది. "అండ్ యెట్" తప్పు కాకపోవడానికి కారణం అదే. పాత గ్రాంథిక ఇంగ్లిష్‌లో "ఆల్‌దో... యెట్" కూడా కనిపిస్తుంది, మీరు మాత్రం రాయకపోవడమే మేలు.

హౌఎవర్ కూడా యాడ్‌వెర్బే. రెండు పూర్తి వాక్యాల మధ్య దానికి ముందు కామా ఒక్కటే సరిపోదు, ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ పెట్టాలి. ఇక్కడ మార్కులు పోగొట్టుకోకండి. "బట్ హౌఎవర్" అని జంటగా వాడకండి, ఒకటి దండగ.

దో అయితే వాక్యం చివర కూడా వస్తుంది: "ఇట్ వాజ్ హార్డ్. ఐ ఎంజాయ్డ్ ఇట్, దో." ఆ చోట ఆల్‌దో పెట్టకూడదు.