డిప్లొమా చేతికొచ్చింది, మరి పని?

ప్రశ్న: మా బాబుది పాలిటెక్నిక్‌లో మెకానికల్ అయిపోయిందండి, మార్కులు బానే వచ్చాయి, కానీ బాలానగర్‌లో ఇంటర్వ్యూకెళ్తే డ్రాయింగ్ ఇచ్చి లోహం ముక్క కొలవమన్నారంట, తడబడ్డాడు. ఈసెట్, అదే డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష, రాయించి బీటెక్‌లో వెయ్యమంటున్నారు అందరూ. ఏం చేయమంటారు?
– ఓ తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, బాబు తప్పేం లేదు. చాలా కాలేజీల్లో ల్యాబ్ అంటే రికార్డు రాసి సంతకం పెట్టించుకోవడమే, ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది. వర్క్‌షాపులో డ్రాయింగ్ మీద 25 మిల్లీమీటర్లు, ప్లస్ ఆర్ మైనస్ 0.02 అనుంటే ముక్క 24.98కీ 25.02కీ మధ్యే ఉండాలి, మామూలు వెర్నియర్ (జారే కొలత పరికరం) లీస్ట్ కౌంటే, అంటే అది చూపగల అతి చిన్న కొలతే, 0.02 కాబట్టి అది చాలదు, 0.01 దాకా చూపే మైక్రోమీటర్ అనే స్క్రూ పరికరం తియ్యాలి, ఇది చేత్తో పదేపదే పడితేగానీ రాదు. ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడులో చేరొచ్చు, కాదనను, కానీ ముందు ఒక ఏడాది అప్రెంటిస్‌గా పంపండి. 1961 అప్రెంటిసెస్ చట్టం కింద డిప్లొమా వాళ్లకీ స్టైపెండ్ ఉంటుంది, కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ వెబ్‌సైట్ ఎన్ఏటీఎస్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించండి. బాలానగర్‌లోనే సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, టూల్ డిజైన్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) కోర్సులు అక్కడ మెషిన్ మీదే నేర్పిస్తారు, ఒకసారి బాబుని తీసుకెళ్లి అడగండి. ఈలోగా ఒక సెకండ్ హ్యాండ్ మైక్రోమీటర్ కొనివ్వండమ్మా.