‘అలూఫ్’ అంటే పొగరా?

ప్రశ్న: ఏడో తరగతి చదివే మా అమ్మాయి ప్రోగ్రెస్ కార్డులో టీచరు ‘అలూఫ్’ అని రాశారు. మావారు డిక్షనరీ చూసి ‘స్నేహభావం లేనిది’ అన్నారు. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. అంత చెడ్డమాటా అది?
– ఒక తల్లి, తణుకు

జవాబు: కాదమ్మా, బెంగపడకండి. అలూఫ్ అంటే అంటీముట్టనట్టు ఉండేవాళ్లు. పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చి ఊరుకుంటారు, తమంతట తాము వచ్చి కలవరు. అంతే. కయ్యానికి కాలు దువ్వేవాళ్లను ‘హోస్టైల్’ అంటారు. కోర్టులో ఎదురు తిరిగిన సాక్షిని హోస్టైల్ విట్‌నెస్ అనడం పేపర్లలో చూస్తూనే ఉంటారుగా. దాని మూలం శత్రువు అనే అర్థమున్న లాటిన్ మాట. అలూఫ్‌లో ఆ శత్రుత్వం లేదు.

ఈ మాట ఓడల మీద పుట్టింది. గాలి వచ్చే వైపును డచ్చివాళ్లు ‘లూఫ్’ అనేవారు. గాలి ఓడను ఒడ్డుకేసి తోసేస్తుంటే, రాళ్లకు కొట్టుకోకుండా ముక్కును గాలికి ఎదురుగా తిప్పి దూరంగా నడపమని 16వ శతాబ్దంలో ఇంగ్లీషు నావికులు ఇచ్చిన కేక అది. క్రమంగా మనుషులకు దూరంగా ఉండటానికీ వాడారు. దేనికి దూరమో చెప్పాలంటే పక్కన ‘ఫ్రమ్’ చేర్చాలి.

వాడేవాళ్లను బట్టి ఇందులో కాస్త ‘బిగుసుకుపోయింది’ అనే నింద ధ్వనించే మాట నిజమే. బిడియమున్న పిల్లకు ‘షై’ అని రాస్తే సరిపోయేది. మీరు ఒకసారి వెళ్లి, ఏం చూసి అలా రాశారో ఆ టీచరును నెమ్మదిగా అడగండి. అమ్మాయిని మాత్రం దీని గురించి నిలదీయకండి.