సినిమాల్లో హీరో ఒంటి చేత్తో కాలుస్తాడు, ఒలింపిక్స్‌లోనూ ఒంటి చేత్తోనే కాలుస్తారు, పోలీసులేమో రెండు చేతులతో పట్టుకుంటారు. పిస్టల్ పట్టుకోవడంలో ఏది సరైన పద్ధతి?

పోలీసు శాఖలో, ఆర్మ్‌డ్ రిజర్వు విభాగంలో ఇరవై ఆరేళ్లు చేసి రిటైరయ్యాను. ఈ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ఎన్ని చేతులతో పట్టుకోవాలన్నది అసలు సంగతి కాదు. తూటా ఎక్కడికి పోవాలో తేల్చేది చూపుడు వేలు. ఆ వేలిని సినిమావాళ్లు ఒక్కరూ సరిగ్గా చూపించరు.

మా ట్రైనింగ్‌లో జరిగింది చెబుతాను. మా బ్యాచ్‌లో ఆడపిల్లలం తక్కువ. నాది పాడి ఉన్న ఇల్లు, పదేళ్ల వయసు నుంచి రెండు పూటలా గేదెల పాలు పితికినదాన్ని. చేతుల్లో బలానికి లోటు లేదు కాబట్టి పిస్టల్ నాకో లెక్కా అనుకున్నాను. మొదటి రోజు 9 ఎం.ఎం. పిస్టల్‌తో పది రౌండ్లు కాల్చి టార్గెట్ దగ్గరికి వెళ్లి చూస్తే మధ్యలో ఒక్క చిల్లు లేదు. అన్నీ కిందకి, ఎడమ పక్కకి గుంపుగా పడ్డాయి. నేను గురి పెట్టింది మాత్రం నడుమకే.

మర్నాడు మాకు కాల్చడం నేర్పే ఉస్తాద్ నా మ్యాగజైన్, అంటే పిస్టల్ పిడిలో పెట్టే తూటాల డబ్బా, ఆయనే నింపి ఇచ్చారు. రెండు రౌండ్లు పేలాయి. మూడోసారి నొక్కితే 'టిక్' మని ఊరుకుంది. పేలలేదు. అయినా పిస్టల్ మూతి గబుక్కున కిందికి వంగింది, నా భుజాలు ముడుచుకున్నాయి, కళ్లు మూసుకుపోయాయి. ఆయన తూటాల మధ్య నాకు చెప్పకుండా ఒక డ్రిల్ కార్ట్రిడ్జ్ పెట్టారు. అందులో మందు ఉండదు. పిస్టల్ పేలినప్పుడు అది వెనక్కి కొట్టే తన్నులో కలిసిపోయి కనబడని తప్పు, పేలనప్పుడు అందరి ముందూ బయటపడింది.

ఉస్తాద్ నవ్వలేదు, తిట్టలేదు. పక్కకి పిలిచి, "ఏమ్మా, మీ ఇంట్లో గేదెలున్నాయా?" అని అడిగారు. ఉన్నాయి సార్ అన్నాను. "అదీ సంగతి. నువ్వు పితుకుతున్నావు. అయిదు వేళ్లూ ఒక్కసారే బిగుస్తున్నాయి. మిగతా నాలుగూ బిగించి అలాగే ఉంచు, చూపుడు వేలొక్కటే కదలనీ," అన్నారు. నా బలమే నాకు అడ్డం అని అప్పుడు అర్థమైంది. కుడిచేతి వాళ్లు వేళ్లన్నీ కలిపి నొక్కితే మూతి కిందికీ ఎడమకీ తిరుగుతుంది. తూటా గొట్టం దాటడానికి సెకనులో దాదాపు వెయ్యో వంతు చాలు. తన్ను తగిలాక చెయ్యి కదిలినా తూటా దారి మారదు. తన్నుతుందేమోనన్న భయంతో ముందే చెయ్యి కదలడమే కొంప ముంచుతుంది.

ఆ తర్వాత మూడు వారాలు ఉదయం పూట వేపచెట్టు కింద ఖాళీ పిస్టల్‌తో సాధన. స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) మీద, ఫోర్‌సైట్ (మూతి దగ్గర గురి చూసే ముల్లు) దగ్గర రూపాయి బిళ్ల పెట్టేవారు. ట్రిగ్గర్ నొక్కాక బిళ్ల పడకూడదు. మొదటి రోజు నా బిళ్ల ఎన్నిసార్లు మట్టిలో ఏరుకున్నానో! మూడో వారానికి పదిసార్లు నొక్కితే తొమ్మిదిసార్లు నిలిచింది. టార్గెట్ మీద చిల్లులు కూడా నడుమకి చేరాయి.

గురి గురించి కూడా సినిమాలు తప్పే నేర్పుతాయి. హీరో కన్ను విలన్ మీద ఉంటుంది. మాకు చెప్పింది ఇంకోలా. బ్యాక్‌సైట్ (వెనక ఉండే గురి గాడి), ఫోర్‌సైట్, టార్గెట్ మూడూ మూడు దూరాల్లో ఉంటాయి, కన్ను ఒక్కసారికి ఒక్కదాన్నే స్పష్టంగా చూడగలదు. స్పష్టంగా కనబడాల్సింది ఫోర్‌సైట్ కొన. టార్గెట్ మసకబారినా ఫర్వాలేదు. మా పిస్టల్‌లో రెండు సైట్ల మధ్య దూరం సుమారు 16 సెంటీమీటర్లు. ఫోర్‌సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే 25 మీటర్ల దూరంలో తూటా దాదాపు 16 సెంటీమీటర్లు తప్పుతుంది. ఇక పిస్టల్‌ని అడ్డంగా తిప్పి కాల్చేవాడికి ఆ సైట్లు ఎందుకూ పనికిరావు. రెండు చేతుల్లో రెండు పిస్టళ్లతో గెంతుతూ కాల్చేవాడు దేనికి గురి పెడుతున్నట్టు?

సరే, ప్రశ్నలోకి వస్తాను. ఒలింపిక్స్‌లో ఒక చేత్తో కాల్చేది ఆ పోటీ నియమం అది కాబట్టి. మణికట్టుకి కూడా ఏ ఆసరా ఉండకూడదు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. తన్ను లేనట్టే, ట్రిగ్గర్ నొక్కడానికి కావాల్సిన బలం కనీసం 500 గ్రాములు ఉండాలి. రెండో చెయ్యి ఊగితే ఒళ్లు ఊగుతుంది కాబట్టి జేబులో పెట్టుకుంటారు. 2024లో పారిస్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడితే ప్రపంచమంతా స్టైల్ అంది. అది స్టైల్ కాదు, నిలకడ కోసం. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆమె వీడియో ఒకటి పెట్టుకుని చూడండి. ఊపిరి, చూపు, వేలు తప్ప ఇంకేమీ కదలవు. ఇంత అందమైనదాన్ని మనవాళ్లు సినిమాగా తీయరు, అదే నా బాధ.

డ్యూటీ పిస్టల్ సంగతి వేరు. మ్యాగజైన్ నిండుగా ఉంటే కిలో బరువు, గట్టిగా తన్నుతుంది, వెంటనే రెండో రౌండు కాల్చాల్సి రావచ్చు. అందుకే రెండు చేతులు. ఒకప్పుడు పోలీసులూ ఒంటి చేత్తోనే నేర్చుకునేవాళ్లు. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో జాక్ వీవర్ అనే డిప్యూటీ షెరిఫ్ పోటీల్లో రెండు చేతులతో కాల్చి గెలవడంతో ఆ పద్ధతికి ఆయన పేరే వచ్చింది. ఎడమ చెయ్యి కప్పు కింద సాసర్‌లా పెడితే లాభం లేదు, కుడిచేతి వేళ్ల మీదుగా చుట్టుకోవాలి. ఎడమ బొటనవేలు స్లయిడ్ వెనక ఉంటే స్లయిడ్ వెనక్కి వచ్చి చర్మం చీలుస్తుంది. మా బ్యాచ్‌లో ఇద్దరికి కుట్లు పడ్డాయి. నా వేళ్లు పొట్టివి, ఆ పిస్టల్ పిడి లావు. అందుకని నాకు పట్టు కుదరడానికి మగపిల్లల కన్నా ఎక్కువ రోజులు పట్టింది. అందరికీ ఒకే పట్టు అని ఎవరైనా చెబితే నమ్మకండి.

సినిమాల్లో లేడీ పోలీసు చెంప పక్కన పిస్టల్ పైకెత్తి గోడకి ఆనుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొహం, పిస్టల్ ఒకే ఫ్రేములో పట్టాలని తప్ప దానికి ఇంకో కారణం నాకు తోచదు. పైగా వేలు ట్రిగ్గర్ మీదే ఉంటుంది! కాల్చాలని నిర్ణయించుకునే దాకా వేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డుకి బయట తిన్నగా ఉండాలి. అవే పోజులు చూసి పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చేవాళ్లు తయారవుతున్నారు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, ఇతరుల ప్రాణాలకి ముప్పు కలిగేలా అలా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన తూటా ఎవరి నెత్తిమీదో దిగుతుందని వాళ్లకి ఎవరూ చెప్పరా?

సినిమాలో మ్యాగజైన్ తీసేస్తే పిస్టల్ ఖాళీ అయినట్టే. అది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. నేను గార్డు డ్యూటీలో ఉన్న ఒక రాత్రి, డ్యూటీ మారేటప్పుడు తోటి ఉద్యోగి మ్యాగజైన్ తీసి బల్ల మీద పెట్టి, ఖాళీయే కదా అని ట్రిగ్గర్ నొక్కాడు. చాంబర్లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, ఒక రౌండు ఉండిపోయింది. ఆ చిన్న గదిలో మోతకి మా ఇద్దరి చెవులూ చాలాసేపు హోరెత్తాయి. తూటా నా కుర్చీకి మూరెడు దూరంలో గోడలోకి దిగింది. అతను పిస్టల్ బల్ల మీద పెట్టి, కింద కూర్చుని ఏడ్చాడు. మర్నాడు ఆ చిల్లుని సిమెంటుతో పూడ్చారు. తర్వాత ఆ గదికి రెండుసార్లు సున్నం వేశారు. నేను బదిలీ అయి వెళ్లేనాటికి కూడా ఆ మచ్చ కనబడుతూనే ఉంది.