గెలిచిన రోజు కూడా ఆ కోచ్‌ని ఎందుకు తిడతారు?

ప్రశ్న: ఈ ఆగస్టులో ఎమ్మెస్ కోసం అమెరికా వచ్చాను. సీనియర్లు కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి తీసుకెళ్తున్నారు. మొన్న మా టీమ్ గెలిచింది. అయినా చుట్టూ ఉన్నవాళ్లు "ప్లే కాలింగ్ చెత్త" అంటూ అఫెన్సివ్ కోఆర్డినేటర్‌ని తిడుతూనే ఉన్నారు. గెలిస్తే చాలదా? తప్పు నిజంగా అతనిదేనా?

జవాబు:

తొమ్మిదేళ్లుగా అలా తిడుతున్నవాళ్లలో నేనూ ఒకణ్ని, కాబట్టి చెప్పే అర్హత ఉందనుకుంటున్నా. మా టీమ్ పేరు మాత్రం రాయను. మా ఆఫీసులో సగం మంది ఆ కాలేజీలో చదివినవాళ్లే, మేనేజరుతో సహా.

దాడి చేసే జట్టుకి 10 గజాలు దాటడానికి నాలుగు అవకాశాలు ఉంటాయని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. (యార్డ్ అంటే మన గజమే. ప్లాట్ల బేరాలు విని పెరిగినవాళ్లకి ఈ ఆటలో దూరాలు ఇట్టే అర్థమవుతాయి.) ప్రతి అవకాశానికి ముందు పరుగా (బంతి పట్టుకుని పరిగెత్తడం), పాసా (విసరడం), ఏ పక్కకి, ఎవరికి అన్నది అఫెన్సివ్ కోఆర్డినేటర్ నిర్ణయిస్తాడు. ప్లే కాలింగ్ అంటే అదే. చాలాసార్లు అతను పైన అద్దాల గదిలో కూర్చుని ఉంటాడు. ఆట ఆటకీ మధ్య గడియారం 40 సెకన్లే. 2024లో పెద్ద కాలేజీల్లో క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని దాడి నడిపేవాడు, పాస్‌లు విసిరేవాడు) హెల్మెట్‌లోకి రేడియో అనుమతించారు. అదీ గడియారం 15 సెకన్లకి రాగానే ఆగిపోతుంది. అంతకుముందు మైదానం పక్కన నిలబడి చేతులు ఊపడాలు, బొమ్మల అట్టలు పట్టుకోవడాలే. క్రికెట్‌లో ప్రతి బంతికీ ముందు బాల్కనీలోంచి ఒకడు "దీనికి స్వీప్ ఆడు" అని చెబితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇక్కడ ఒక మ్యాచ్‌లో అలా 60, 70 సార్లు చెబుతాడు. తిట్లు తినడానికి కూడా అన్ని అవకాశాలే.

ఇక గెలిస్తే చాలదా అన్నారు. అయోవా యూనివర్సిటీ వాళ్లని అడగండి. మా టీమ్ ఓడినప్పుడల్లా మేం అయోవా మ్యాచ్‌లు చూసి ఊరట పొందేవాళ్లం. కర్క్ ఫెరెంట్జ్ అక్కడ 1999 నుంచి హెడ్ కోచ్. 2017లో కొడుకు బ్రయాన్ అఫెన్సివ్ కోఆర్డినేటర్ అయ్యాడు. బంధువుల విషయంలో యూనివర్సిటీ నియమం ఉంది కాబట్టి కాగితం మీద కొడుకు తండ్రికి కాకుండా అథ్లెటిక్ డైరెక్టర్‌కి జవాబుదారీ. వారసులనగానే మనవాళ్లకి వచ్చే అనుమానం అక్కడి ఫ్యాన్స్‌కీ రాకుండా ఉంటుందా!

2022 సీజన్ మొదటి మ్యాచ్‌లో అయోవా, సౌత్ డకోటా స్టేట్ మీద 7-3తో గెలిచింది. స్కోరు చూస్తే ఎవరైనా ఒక టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించడం, అదనపు కిక్‌తో కలిపి 7 పాయింట్లు) కొట్టారనుకుంటారు. కొట్టలేదు. ఒక ఫీల్డ్ గోల్‌కి (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్యలోంచి పంపడం) 3 వచ్చాయి. మిగతా 4 డిఫెన్స్ రెండు సేఫ్టీలు (బంతి ఉన్నవాణ్ని అతని సొంత చివరి గీత వెనకే పడగొట్టడం, ఒక్కోదానికి 2) చేసి తెచ్చిపెట్టినవి. ఆ సీజన్ అయ్యాక, 2023 ఫిబ్రవరిలో, బ్రయాన్ కాంట్రాక్ట్ మార్చారు. జీతం 50,000 డాలర్లు తగ్గించి 8,50,000 చేశారు. మ్యాచ్‌కి సగటున 25 పాయింట్లు రావాలి, కనీసం 7 మ్యాచ్‌లు గెలవాలి అని షరతు పెట్టారు. డిఫెన్స్ చేసిన పాయింట్లు కూడా ఆయన ఖాతాలోకే! 13 మ్యాచ్‌లకి 325 కావాలి కదా అని ఫ్యాన్స్ వారం వారం చిట్టా రాసుకున్నారు. సీజన్ ముగియకముందే, అక్టోబర్ 30న, ఈ ఏడాదితో ఆయన సరి అని ప్రకటన వచ్చేసింది. ఆ ఏడాది అయోవా గెలిచిన మ్యాచ్‌లెన్నో తెలుసా? 10. ఆఖర్న మిషిగన్ చేతిలో 26-0, కొత్త సంవత్సరం రోజున టెనెసీ చేతిలో 35-0. జట్టులో బాగా పేరొచ్చింది మెల్‌బోర్న్ నుంచి వచ్చిన పంటర్ టోరీ టేలర్‌కి, దేశంలోకెల్లా మేటి పంటర్‌గా అవార్డుతో సహా. పంట్ అంటే దాడి విఫలమయ్యాక బంతిని దూరంగా తన్నేయడం. అతనికి అంత పని పడిందంటే మిగతా సంగతి మీరే ఊహించుకోండి.

కాబట్టి గెలుపు వేరు, చూస్తూ కూర్చోవడం వేరు. నాకు చిరాకు తెప్పించేది ఓటమి కన్నా, తర్వాత ఏం జరగబోతుందో ముందే తెలిసిపోవడం. ఈ ఆట తెలియని గుంటూరు జిల్లావాణ్ని, రెండో సీజన్‌కే "ఇప్పుడు మధ్యలోకి పరుగు" అని చెప్పగలిగానంటే, ఎదుటి జట్టు కోచ్‌కి తెలియదా?

మరి తప్పంతా అతనిదేనా? ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఒక నవంబర్ మ్యాచ్‌లో నాలుగు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాం. చివరి క్వార్టర్. మూడు పరుగులు, పంట్. మళ్లీ మూడు పరుగులు, పంట్. ఆఖరి నిమిషంలో వాళ్లు టచ్‌డౌన్ కొట్టి వెళ్లిపోయారు. గొంతు పోయేలా అరిచి ఇంటికెళ్తే, మా ఆవిడ నా మొహం చూసి ఇండియా నుంచి ఏమైనా ఫోన్ వచ్చిందా అని కంగారుపడింది.

మర్నాడు టీ పెట్టుకుని రికార్డింగ్ మళ్లీ చూశాను. రెండోసారి వేసిన మూడింటిలో రెండోది అసలు పరుగే కాదు, పాస్! పాస్ అందుకోవాల్సిన రిసీవర్ చక్కగా ఖాళీగా ఉన్నాడు. ఎడమ చివర లైన్‌మన్ (క్వార్టర్‌బ్యాక్ ముందు అడ్డుగోడలా నిలబడే ఐదుగురిలో ఒకడు) పక్కకి ఒరిగిపోవడంతో క్వార్టర్‌బ్యాక్‌కి విసిరే టైమ్ దొరక్క బంతి చంకన పెట్టుకుని పరిగెత్తాడు. నేను దాన్ని పరుగుల ఖాతాలో వేసుకుని ఇంటిదాకా తిట్టుకుంటూ వచ్చాను. ప్లే సరైనదే, పని జరగలేదంతే.

ఆ సంగతి మా పక్క సీటు పెద్దాయనకి చెబితే నవ్వాడు. నలభై ఏళ్లుగా అదే సీటు ఆయనది. "బంతిని చూడటం మానెయ్. స్నాప్ అవగానే లైన్‌లో ఆ ఐదుగురిని చూడు" అన్నాడు. (స్నాప్ అంటే ఆట మొదలుపెడుతూ బంతిని వెనక్కి క్వార్టర్‌బ్యాక్‌కి అందించడం.) ఆ రోజు నుంచి ఇద్దరం ఒక ఆట మొదలుపెట్టాం. ప్రతి ఫస్ట్ డౌన్‌కీ (నాలుగు అవకాశాల్లో మొదటిది), స్నాప్‌కి ముందే, పరుగో పాసో ఊహించి కాగితం మీద రాయడం. తర్వాతి మ్యాచ్‌లో 19 రాస్తే 14 కరెక్ట్. కిటుకేమీ లేదు. పాస్‌కి పెద్దగా పనికిరాని ఒక బండ టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడి అడ్డుకోవడమో, పాస్ పట్టుకోవడమో చేసే ఆటగాడు) లోపలికొస్తే పరుగు, అతను బయటికెళ్తే పాస్. ఎదుటి డిఫెన్స్ కూడా అతను రాగానే ఎనిమిది మందిని ముందుకి జరిపేది. ఇది మాత్రం లైన్‌మన్ తప్పు కాదు, కోఆర్డినేటర్‌దే. అదే మనిషిని నిలబెట్టి, అదే పరుగులా మొదలుపెట్టి, నాలుగోసారి పాస్ వేస్తే ఆ ఎనిమిది మందీ బోల్తా పడతారు. ప్లే యాక్షన్ అంటారు దాన్ని. పరుగుని నమ్మించినంతకాలమే అది పనిచేస్తుంది. అందుకే స్టేడియంలో "పరుగులు ఆపండి" అని అరిచేవాళ్లతో నేను ఇప్పుడు గొంతు కలపను. అయోవాలో 2024లో బ్రయాన్ స్థానంలో టిమ్ లెస్టర్ కోఆర్డినేటర్‌గా వచ్చాక పరుగులేం మానలేదు. పాత జట్టులోనే ఉన్న కేలెబ్ జాన్సన్ ఆ ఏడాది 1,537 గజాలు పరిగెత్తాడు, టీమ్ సగటు కూడా 25 దాటింది. అలాగని మొత్తం బ్రయాన్ మీద తోసేయడమూ న్యాయం కాదు. 2023లో ఆయన మొదటి క్వార్టర్‌బ్యాక్ సెప్టెంబర్ ఆఖరుకే మోకాలు పోయి బయట కూర్చున్నాడు.

మీ సీనియర్లు తిట్టేదాంట్లో ఎంత నిజముందో తెలుసుకోవాలంటే వచ్చే శనివారం మీరూ రాసి చూడండి. ఫస్ట్ డౌన్లు మాత్రమే. సగానికి సగం తప్పుతుంటే ఆ కోఆర్డినేటర్ తన పని తను చేస్తున్నట్టే, గొడవ ఇంకెక్కడో ఉంది. కొత్తగా వచ్చిన మీకే ముప్పాతిక వంతు కరెక్ట్ అయితే సీనియర్లతో కలిసి హాయిగా తిట్టొచ్చు. అన్నట్టు, పెన్సిల్ తీసుకెళ్లండి. నవంబర్ చలికి పెన్నులో ఇంకు గడ్డకడుతుంది.