ఆకలి వేస్తుంది, దగ్గు వస్తుంది: ఇంగ్లిష్ క్రియలదీ ఇదే కథ

మేక్, డూ, టేక్‌లలో ఏ మాట పక్కన ఏది రావాలి, కాల్ ఆఫ్, పుట్ ఆఫ్ లాంటివి బట్టీ పట్టాల్సిందేనా అని ఇంగ్లిష్ నేర్చుకుంటున్న ఒకరు అడిగారు. నేను పట్టాను. లాభం లేకపోయింది.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక శుక్రవారం వెళ్లాల్సిన మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ సోమవారానికి వాయిదా పడింది. క్లయింట్‌కి మెయిల్ పెట్టమంటే 'ద రిలీజ్ ఈజ్ కాల్డ్ ఆఫ్' అని రాసి పంపేశాను. కాల్ ఆఫ్ అంటే రద్దు. వాయిదాకైతే పుట్ ఆఫ్ అనాలి. పావుగంటలో అవతలి నుంచి ఫోన్, మొత్తానికే ఆపేశారా అని. మా టీమ్ లీడ్ సర్దిచెబుతుంటే పక్కన నాకు ముచ్చెమటలు. నిజానికి పుట్ ఆఫ్ నాకు తెలియక కాదు. ఇంట్లో 'లైట్ పుట్ ఆఫ్ చెయ్' అని వినీ వినీ, అది స్విచ్చులకే అనుకున్నాను.

తర్వాత లీడ్ దగ్గరికెళ్లి 'ఐ డిడ్ ఎ మిస్టేక్' అన్నాను. తప్పు 'చేశాను' కదా మరి! 'మేడ్ అనాలి, ఇది రెండో మిస్టేక్' అని నవ్వారాయన.

నాకు అసలు విషయం అర్థమైంది మాత్రం లక్నో నుంచి వచ్చి తెలుగు నేర్చుకుంటున్న ఒక సహోద్యోగి వల్ల. 'నాకు ఆకలి వస్తోంది' అన్నాడు. వేస్తోంది అనాలని సరిదిద్దాను. ఎందుకు అని అడిగితే నోట మాట రాలేదు. చలి వేస్తుంది, నిద్ర వస్తుంది. ఓటు వేస్తాం, ముహూర్తం పెడతాం. వీటికి మనలో ఎవరైనా సూత్రం నేర్చుకున్నామా? అర్థమంతా నామవాచకంలోనే ఉంటుంది, క్రియ ఊతకర్ర. ఏ మాటకు ఏ ఊతకర్ర అన్నది వాడుక తేల్చేస్తుంది. ఇలాంటి జోడీలనే కొలొకేషన్ అంటారు. మాటను దాని సహవాసాన్ని బట్టి తెలుసుకోవాలని బ్రిటిష్ భాషావేత్త జె. ఆర్. ఫర్త్ 1957లో అన్నది ఈ సంగతే.

అందుకే పుస్తకంలో 'మేక్' అని హెడ్డింగ్ పెట్టి కింద ఇరవై మాటలు రాసుకోవడం మానేశాను. నామవాచకం వైపు నుంచి మొదలుపెట్టాను. మిస్టేక్ పక్కన మేక్, హోంవర్క్ పక్కన డూ, రిస్క్ పక్కన టేక్, అటెన్షన్ పక్కన పే. ప్రామిస్‌కి మూడున్నాయి: మేక్, కీప్, బ్రేక్. డెసిషన్‌కి మేక్ ఎక్కువ, టేక్ కూడా బ్రిటిష్ వాడుకలో ఉంది, కంగారు పడకండి. కొత్తగా తయారుచేస్తే మేక్, పని అయితే డూ అని కోచింగుల్లో చెప్పే సూత్రం సగం దూరమే తీసుకెళ్తుంది. 'మేక్ ద బెడ్' అంటే మంచం తయారుచేయడం కాదు, పక్క సర్దడం.

క్రియావిశేషణాలతోనూ ఇదే తంటా. రెయిన్ అయితే హెవిలీ, రిగ్రెట్ అయితే డీప్లీ. ఒకసారి అప్రైజల్ ఫారంలో 'ఐ వర్క్ హార్డ్లీ' అని రాయబోయి ఆగాను. కష్టపడతానని చెప్పాలంటే వర్క్ హార్డ్. 'ఐ హార్డ్లీ వర్క్' అన్నానంటే పనే చేయనని నేనే ఒప్పుకున్నట్టు!

కాల్ ఆఫ్ లాంటి వాటికి మాత్రం నిజంగా పనికొచ్చే నియమం ఒకటుంది. 'కాల్ ఆఫ్ ద మీటింగ్', 'కాల్ ద మీటింగ్ ఆఫ్' రెండూ సరే. మీటింగ్ బదులు 'ఇట్' పెడితే అది మధ్యలోనే కూర్చోవాలి: 'కాల్ ఇట్ ఆఫ్'. పుట్ ఆఫ్, టర్న్ డౌన్ (కాదనడం)లూ అంతే. లుక్ ఆఫ్టర్ (బాగోగులు చూసుకోవడం) అలా విడిపోదు, 'లుక్ ఆఫ్టర్ ఇట్' అనే అనాలి. కొత్తది కనబడినప్పుడల్లా 'ఇట్' పెట్టి ఒక వాక్యం రాసుకోండి.

మా లక్నో మిత్రుడు ఇప్పుడు ఆకలేస్తోంది అని చక్కగా అంటాడు. మొన్న జలుబు చేసినప్పుడు మాత్రం 'రాత్రంతా దగ్గు వేసింది' అన్నాడు.