ఆ పొడిగుడ్డ పక్కన పెట్టు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి, పెదనాన్న ఆశీస్సులు.

నీ బైకు ఫొటోలు చూశాను. నల్లరంగు, పైగా నిగనిగలాడే ఫినిష్. బండి బాగుంది గానీ, రంగులన్నిట్లోకీ పెంకిది నలుపే తల్లీ. తెలుపు మీద నూరు గీతలున్నా కంటికి ఆనవు. నలుపు మీద ఒక్కటి పడినా ఎండలో బయటపడిపోతుంది. మెరుపు పోకుండా సిరామిక్ కోటింగ్, అదే రంగు మీద గట్టి పొరలా పట్టే ద్రవం, వేయించనా అని అడిగావు. ఆ సంగతి తర్వాత చెబుతాను. నువ్వు మాటవరసకి రాసిన ఇంకో ముక్క చదివి నాకు కంగారు పుట్టింది. రోజూ పొద్దున్నే గుడ్డతో తుడుస్తున్నానన్నావు చూడు, ఆ పని ఈ రోజు నుంచే మానెయ్.

నా మొదటి బండికి నేను చేసిందీ అదే. మెత్తటి పాత నూలుగుడ్డ తీసుకుని ప్రతి ఉదయం దుమ్ము దులిపేవాణ్ణి. ఏడాది దాటాక ఒక సాయంత్రం ఏటవాలు ఎండలో చూస్తే ట్యాంకు నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. బండి ఎక్కడా పడలేదు, ఎవరూ గీకలేదు. చేసింది నా చెయ్యే. దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అవి మామూలు ఇనుము కన్నా గట్టివి. రంగు మీద అద్దంలా ఉండే క్లియర్‌కోట్ పొర మందం సుమారు 40, 50 మైక్రాన్లు. తలవెంట్రుక కన్నా పల్చన. పొడిదుమ్ము మీద గుడ్డ ఎంత మెత్తటిదైతే ఏం లాభం, కింద రుద్దేది ఇసుకే కదా.

ఆ గీతలు పోగొట్టమని ఒక షెడ్డులో ఇచ్చాను. రబ్బింగ్ కాంపౌండ్, అంటే పైపొరను అరగదీసే ముద్ద, పూసి మెషీన్‌తో లాగేశారు. ట్యాంకు అద్దంలా వచ్చింది, కానీ అంచు వంపు దగ్గర రంగు తెగి కింద పూసే ప్రైమర్ పూత కనిపించింది. వంపుల్లో రంగు పల్చగా ఉంటుంది, మెషీన్ వత్తిడి అక్కడే ఎక్కువ పడుతుంది. పాలిష్ పెడితే గీత పూడుతుందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. పూడదు. గీత ఎంత లోతుందో అంతవరకూ చుట్టూ ఉన్న పొరను అరగదీస్తారు. ఉన్నదే వెంట్రుకవాసి పొర, దాన్ని ఎన్నిసార్లని అరగదీస్తాం?

ఇక కడగడం. వారానికోసారి చాలు. బురదలో తిరిగొస్తే మాత్రం అదే రోజు కడిగెయ్. బండి నీడలో ఉండాలి, ఇంజనూ సైలెన్సరూ చెయ్యి ఆనించగలిగేంత చల్లారాలి. వేడి ట్యాంకు మీద షాంపూ అప్పటికప్పుడే ఎండి మరక కడుతుంది. సైలెన్సరు నోరు మూసి, ముందు ఉత్త నీళ్ళు పైనుంచి కిందికి పారనియ్, చెయ్యి పెట్టకు. నేను ఎక్కువసేపు గడిపేది ఇక్కడే. దుమ్మంతా దానంతటది జారిపోయేదాకా ఓపిక పట్టాలి.

రెండు బకెట్లు పెట్టుకో. ఒకదానిలో బండి షాంపూ కలిపిన నీళ్ళు, రెండోదానిలో మామూలు నీళ్ళు. మైక్రోఫైబర్ గుడ్డతో ఒక లాగు లాగగానే మామూలు నీళ్ళలో జాడించు, ఆ తర్వాతే మళ్ళీ షాంపూలో ముంచు. లేకపోతే తీసిన ఇసుకనే తిరిగి ట్యాంకు మీద రుద్దుతావు. గుండ్రంగా తిప్పకుండా నిలువుగా లాగు. ట్యాంకు ముందు, చక్రాలూ ఇంజను కిందిభాగం చివర. చక్రాలకు వాడిన గుడ్డ పొరపాటున కూడా ట్యాంకు మీదకి రాకూడదు. చేతిలోంచి గుడ్డ నేల మీద పడిందా, విదిలించి వాడకు, ఇంకోటి తీసుకో.

బట్టల సబ్బుపొడి వద్దు, క్షారగుణానికి అల్యూమినియం మసకబారుతుంది. గిన్నెల సబ్బు జిడ్డుతో పాటు రంగు మీద కాపుగా పూసే వ్యాక్స్‌నీ (మైనాన్నీ) ఊడ్చుకుపోతుంది. ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టించకు, బేరింగుల్లోకీ కనెక్టర్లలోకీ నీళ్ళు దూరతాయి, స్టిక్కర్ల అంచులు లేస్తాయి. చైను శుభ్రం చేసేటప్పుడు ఇంజను ఆపి, చక్రం చేత్తోనే తిప్పు. ఇంజను తిరుగుతుండగా గుడ్డ పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఈ ఒక్కదాన్లో మాత్రం నా మాట దాటకు తల్లీ.

కడిగాక గాలికి ఆరనివ్వకు. నీటి చుక్క ఎండితే అందులోని లవణాలు తెల్ల మచ్చగా మిగులుతాయి. శుభ్రమైన పెద్ద టవల్ పరిచి అద్దు, రుద్దకు. తర్వాత కాస్త దూరం నెమ్మదిగా నడిపి బ్రేకులు మెల్లగా రెండు మూడుసార్లు వెయ్యి, డిస్కులు ఆరతాయి.

పిట్టరెట్ట పడితే సాయంత్రం దాకా ఆగకు. అందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది, ఎండ తోడైతే క్లియర్‌కోట్‌ను తినేస్తుంది. గోటితో గోకితే గీత పడుతుంది. దాని మీద తడిగుడ్డ వేసి ఐదు నిమిషాలు నాననిచ్చి, మెల్లగా ఎత్తెయ్. పెట్రోలు ఒలికినా అంతే, వెంటనే తడిగుడ్డతో అద్దెయ్.

ఇప్పుడు నీ కోటింగ్. కార్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే వ్యాక్స్ ఒకటి రెండు నెలలుంటుంది. కృత్రిమంగా తయారుచేసిన పూత, సింథటిక్ సీలెంట్, ఇంకొన్ని నెలలు ఎక్కువ. సిరామిక్ బాగా వేస్తే ఏళ్ళపాటు నిలుస్తుంది, మురికి అంటకుండా జారిపోతుంది. కానీ ఎగిరొచ్చే రాయిని అది ఆపదు, ఆ పని రంగు మీద అంటించే మందపాటి పారదర్శక పీపీఎఫ్ ఫిల్ముది. ఇంకొకటి, కింద గీతలుంటే కోటింగ్ వాటిని కూడా లోపలే ఉంచి మూసేస్తుంది. అందుకే తొందరపడవద్దంటున్నాను. రెండు నెలలు నేను చెప్పినట్టు కడుగు, పల్చగా వ్యాక్స్ పట్టించు, ఆ తర్వాత చూద్దాం. వ్యాక్స్ ఏదైనా సీటుకీ, టైర్లకీ, బ్రేకు డిస్కులకీ తగలనియ్యకు. సైడ్ ప్యానెళ్ళు మెరుపులేని మ్యాట్‌లా కనిపిస్తున్నాయి, వాటికీ వద్దు. మ్యాట్‌ను రుద్దితే అక్కడక్కడా నునుపెక్కుతుంది, మళ్ళీ మామూలు కాదు.

కవరు కప్పే ముందు బండి శుభ్రంగా, పొడిగా ఉండాలి, సైలెన్సరు చల్లారాలి. దుమ్ము మీద కప్పితే గాలికి ఆ కవరే గరుకు కాగితం అవుతుంది.

ఈ రాత్రి దీపాలు ఆపి ట్యాంకు మీద పక్కనుంచి మొబైల్ టార్చ్ వెయ్యి. సన్నటి గీతలు కనిపిస్తే కంగారుపడకు, ఎవరికీ పాలిష్‌కి ఇవ్వకు. ఫొటో తీసి నాకు పంపు.

నీ పెదనాన్న