నీళ్లలో ఆవులు నిలబడవేం?

ప్రశ్న: పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు ఆల్బర్ట్ కౌప్ వేసిన, ఆవులు ఏటి నీళ్లలో నిలబడ్డ ఒక బొమ్మకు ఆయిల్‌లో నకలు వేస్తున్నాను. ఆవులు నీళ్లపై అతికించినట్టున్నాయి. ఆకాశం పసుపు, నీలం కలిసేచోట ఆకుపచ్చగా మారుతోంది. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు దిగంతరేఖ, అంటే ఆకాశం నేలను తాకినట్టుండే గీత, చూసుకోండి. కౌప్ దాన్ని బాగా కిందికి దించుతాడు. అందుకే ఆవుల వీపులు ఆకాశంలోకి లేచి అంత గంభీరంగా కనిపిస్తాయి. ఆ రేఖ ముందున్న ఆవు పొట్టను తాకితే, అదే ఎత్తున్న వెనకటి ఆవుకూ దాదాపు పొట్ట దగ్గరే తాకాలి. ఇది తప్పితే ఒక ఆవు గాల్లో తేలుతుంది.

తర్వాత ప్రతిబింబం. కొలత కాలు నీటిని తాకేచోట మొదలవ్వాలి. అక్కణ్ణుంచి పైకెంతో కిందికీ అంతే. దూరపు కాళ్ల నీటిగీత కాస్త పైన పడుతుంది. ఆవు గట్టు మీద ఉంటే మాత్రం ముందు గట్టు ప్రతిబింబం, ఆ కిందే ఆవుది. పై బొమ్మను తలకిందులు చేసి దించకండి. నీటిలో పొట్ట అడుగు, పొదుగు ఇంకొంచెం ఎక్కువ కనిపిస్తాయి. తెల్ల మచ్చలు ఒక మెట్టు ముదురుగా, నల్లటివి ఒక మెట్టు లేతగా వేయండి. కాళ్ల చుట్టూ గుండ్రటి అలలు గీస్తే పని చెడుతుంది: అంత కింది నుంచి చూసే కంటికి వలయం దాదాపు గీతలా కనిపిస్తుంది. అడ్డంగా రెండు మూడు లేత గీతలు చాలు.

మన ఒంగోలు పశువులకు అలవాటుపడ్డ చెయ్యి తెలియకుండానే మూపురం, వేలాడే గంగడోలు పెట్టేస్తుంది. డచ్చి ఆవుకు మూపురం ఉండదు. వెన్ను తిన్నగా సాగి, తుంటి ఎముకలు పొడుచుకొస్తాయి.

ఆకాశానికి పసుపు, నీలం నేరుగా కలపకండి. కింద తెలుపులో కొద్దిగా ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), పైన తెలుపుతో అల్ట్రామెరీన్ (ముదురు నీలం). నడుమ తెలుపులో చిటికెడు లైట్ రెడ్ (ఇటుక ఎరుపు) కలిపిన సన్నని పట్టీ పెట్టి, తడిగా ఉండగానే పొడి కుంచెతో రెండు వైపులకీ లాగండి. టైటానియం వైట్ మిగతా రంగుల్ని మింగేస్తుంది కాబట్టి ఒకేసారి ఎక్కువ వేయక, కొంచెం కొంచెంగా కలపండి. తొలి పొరకు టర్పెంటైన్, పై పొరలకు అవిసె నూనె ఎక్కువ. తిరగేస్తే పైపొర పగులుతుంది.

ప్రశ్న: పాత డచ్చి చిత్రాల్లో ఆకులు కొన్నిచోట్ల నీలంగా ఎందుకుంటాయి?

జవాబు: నీలం మీద పూసిన మొక్కల పసుపు రంగులు వెలుతురుకు వెలిసిపోవడం వల్ల. స్మాల్ట్ అనే కోబాల్ట్ గాజుపొడి నీలమైతే నూనెలో ఏళ్ల తరబడి ఉండి బూడిదరంగుకు దిగుతుంది. పాత వార్నిషేమో పసుపెక్కుతుంది. కాబట్టి మీరు చూసే ఆ బంగారు కాంతిలో కొంత కౌప్ వేసింది కాకపోవచ్చు. నకలుకు, శుభ్రం చేసిన తర్వాత తీసిన ఫొటోనే ఎంచుకోండి.